పంతులుగారి పనితనం

ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరం దిగేవాళ్లు అక్కడి మహారాజా వారి పాత బడిని ఒక్కసారైనా తలుచుకోవాలి. గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి అక్కడ కలిసి చదువుకున్నారు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో రంగస్థలమెక్కి వాడుక భాషకు పట్టం కట్టింది. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు 1880లో పర్లాకిమిడి బడిలో పంతులయ్యారు. అంతటితో ఆగలేదు. సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బళ్లు పెట్టారు. పిల్లవాడి నోటిమాటతోనే పాఠం మొదలుపెట్టడం గొప్ప పంతులుకే చేతనవుతుంది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 మనకు తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు మీకు అక్షరాలు దిద్దించిన పంతులుగారి ఇంటికి వెళ్లి దండం పెట్టి రండి.