నాన్నంటే హడల్

డాలస్‌లో ఉంటున్న మా పెద్దమ్మ కొడుకు ఈ వారం ఫోన్ చేసి, కూతురు చదివే బడిని చెడామడా తిట్టాడు. ఇంటి గురించి రాయమంటే పిల్ల ‘ఐయామ్ స్కేర్డ్ ఆఫ్ మై డాడ్’ అని రాసిందట. మర్నాడు కౌన్సెలర్ దాన్ని పక్కన కూచోబెట్టుకుని ఆరా తీసి, ఇంటికి ఫోన్ చేసింది. “నాన్నంటే భయం ఉంటే అదో నేరమట్రా?” అన్నాడు అన్నయ్య.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా ప్రిపొజిషన్ల పిచ్చి తెలిసిందే. ‘స్కేర్డ్’ పక్కన ‘ఆఫ్’ సరిగ్గా పడిందని ముందు ముచ్చటపడ్డాను. మా రోజుల్లో ‘ఐ హావ్ ఫియర్ ఆన్ యూ’ అనేవాళ్లం. టేబుల్ మీద రెన్ అండ్ మార్టిన్, చేతిలో బెత్తం, మా ఇంగ్లిషు మాస్టారు ఒక్కొక్కణ్ణీ లేపి ఎవరంటే భయంరా అని ఇంగ్లిషులో అడిగేవారు. ‘ఆఫ్ యూ సార్’ అని తడబడకుండా అంటే నవ్వి కూర్చోమనేవారు. ‘ఫ్రైటెన్డ్ మ్యాన్’ అనొచ్చు గానీ ‘అఫ్రెయిడ్ మ్యాన్’ అనకూడదని చెప్పిందీ ఆయనే. ‘ఐయామ్ అఫ్రెయిడ్, సార్ మీటింగ్‌లో ఉన్నారు’ అనే రిసెప్షనిస్టుకు పిసరంత భయం కూడా ఉండదని మాత్రం ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

సరే, అన్నయ్య సంగతి. మన దగ్గర ‘మా ఇంట్లో పిల్లలకు నాన్నంటే హడల్’ అని పెళ్లిచూపుల్లో కూడా గొప్పగా చెప్పుకుంటాం. భయాన్నీ భక్తినీ విడదీయం. అక్కడ అలా కాదు. పిల్లల మీద హింసను అడ్డుకోవడానికి 1974లో ఫెడరల్ చట్టం వచ్చింది. టెక్సాస్‌లోనైతే పిల్లలకు హాని జరుగుతోందని అనుమానం వస్తే ఎవరైనా సరే ఫిర్యాదు చేసి తీరాలి, టీచర్లకు గంటల లెక్కన గడువు. ‘స్కేర్డ్ ఆఫ్’ తర్వాత ఇంట్లో మనిషి కనిపిస్తే ఆ మనిషి ఏం చేశాడని అడగడం కౌన్సెలర్ పని. ‘రెస్పెక్ట్’ అని రాయమను, గొడవ వదిలిపోతుంది అని సలహా చెప్పబోయాను.

ఇంతలో అన్నయ్యే అన్నాడు: “కొట్టింది లేదు, తిట్టింది లేదు. లెక్కలు తప్పితే స్కేలు చూపిస్తాను, అంతే.”

సలహా మింగేశాను. పిల్ల రాసిన వాక్యంలో ఒక్క అక్షరం కూడా మార్చొద్దన్నాను. అన్నయ్య ఠక్కున ఫోన్ పెట్టేశాడు.