ఎనిమిదిన్నరకు రెండిళ్లలో

ఒక రోటా, అంటే డ్యూటీల పట్టిక, చూద్దాం. పొద్దున ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా ఒక పెద్దాయన ఇల్లు. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా ఇంకో పెద్దావిడ ఇల్లు. మధ్యలో రెండు మైళ్లు. వెళ్లాల్సిన కేర్ వర్కర్ ఒక్కతే. కాగితం మీద అంతా పక్కాగా ఉంది. మరి ఆ రెండు మైళ్ల ప్రయాణానికి పట్టే సమయాన్ని ఎవరి అరగంటలోంచి కోశారు?

ఇంగ్లండ్‌లో ఇంటి సేవల ఏజెన్సీలో రోటాలు వేయడం నా పని. తనిఖీకి వచ్చినప్పుడు మంచి ఇన్‌స్పెక్టర్ ముందు అడిగేది ఈ కాగితాన్నే. ఇక్కడ ఆ బాధ్యత 2009లో పని మొదలుపెట్టిన కేర్ క్వాలిటీ కమిషన్‌ది. ఇంటికెళ్లి స్నానం చేయించడం, బట్టలు మార్చడం లాంటి సేవలు అందించే సంస్థ అక్కడ నమోదు కాకుండా నడవకూడదు. అత్యుత్తమం, బాగుంది, మెరుగుపడాలి, నాసిరకం అని నాలుగు రేటింగులున్నాయి. తనకొచ్చిన రేటింగును సంస్థ అందరికీ కనబడేలా పెట్టాలన్న నిబంధన 2015 నుంచి ఉంది.

ఆస్పత్రిలో అయితే వార్డులో నిలబడి చూడొచ్చు. ఇల్లు అలా కాదు. ఇంట్లోవాళ్లు రమ్మంటే తప్ప ఇన్‌స్పెక్టర్ గడప దాటలేరు. దాటినా ఆ పూట చూసింది ఆ పూటదే. అందుకే ఆనవాళ్లు వెతుకుతారు. మంచం మీంచి లేవలేని మనిషిని హాయిస్టుతో, అంటే పట్టీలతో ఎత్తే యంత్రంతో, కుర్చీలోకి మార్చాలంటే ఇద్దరుండాలని కేర్ ప్లాన్‌లో రాసి ఉంటుంది. ఆ ఇద్దరి ఫోన్లలో లాగిన్ సమయాలు పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒకరు 8.02కి వచ్చారు, రెండోవారు 8.25కి. 8.15కే ఆయన కుర్చీలో కూర్చుని టిఫిన్ తింటున్నట్టు నోట్సులో ఉంది. అంటే ఆయన్ని ఒక్కరే ఎత్తారు. పట్టీ సరిగ్గా తగిలించకపోయి ఉంటే ఆయన తుంటి విరిగేది.

మందుల చార్టూ అంతే. ఖాళీ గడి కనబడితే అడగొచ్చు, కారణం తెలుస్తుంది. నాకు భయమేసేది ఒక్క ఖాళీ కూడా లేని చార్టును చూస్తే. ఆ మనిషి ఆస్పత్రిలో ఉన్న రోజున కూడా ఇంట్లో మాత్ర వేసినట్టు సంతకం ఉంటే, మిగతా సంతకాల్లో దేన్ని నమ్మాలి?

ఇవన్నీ ఒక ఎత్తు, ఫోన్లు ఒక ఎత్తు. సేవలు పొందినవాళ్లో, ఇంట్లోవాళ్లకు సేవ చేసినవాళ్లో కమిషన్ తరఫున పెద్దవాళ్లకు ఫోన్ చేసి మాట్లాడతారు. పెద్దవాళ్లు ఫిర్యాదు చేయరు. ఉన్న మనిషి కూడా రాకుండా పోతుందేమోనని వాళ్ల దిగులు. "చాలా మంచి పిల్లండీ, పాపం కోటు కూడా విప్పదు" అంటారు. చలిదేశంలో కోటు విప్పకుండా స్నానం చేయించే పిల్ల ఎంత పరుగులో ఉందో ఆ మెచ్చుకోలులోనే తెలిసిపోతుంది. వినే చెవి ఉండాలంతే.

ఆ పిల్ల మన ఊరిదే కావచ్చు. 2022 నుంచి కేర్ వీసాల మీద మన రాష్ట్రాల వాళ్లు చాలామంది వచ్చారు. అప్పులు చేసి వచ్చినవాళ్లు నాకు తెలుసు. వీసా యజమాని చేతిలో ఉన్న మనిషి ఇన్‌స్పెక్టర్ ముందు నోరు విప్పడం మాటలు కాదు. అందుకే వాళ్లతో మేనేజరు లేనిచోట, వాళ్ల భాష తెలిసినవాళ్లే మాట్లాడాలని నేను గట్టిగా నమ్ముతాను. 2024 మార్చి నుంచి ఇంగ్లండ్‌లో కేర్ వర్కర్లను స్పాన్సర్ చేసే సంస్థ కమిషన్ దగ్గర నమోదై ఉండాలన్నారు. 2025 జులైలో విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. ఇక్కడే ఉండిపోయినవాళ్ల భయం మాత్రం పోలేదు.

కమిషన్‌లోనూ లోపాలున్నాయి. 2024లో పెన్నీ డాష్ నేతృత్వంలో జరిగిన సమీక్ష తనిఖీలు బాగా తగ్గిపోయాయనీ, కొన్ని సంస్థల రేటింగులు ఏళ్లనాటివనీ తేల్చింది. ఎప్పుడో వచ్చిన ‘బాగుంది’ని చూసి ఈ రోజు అమ్మానాన్నల్ని అప్పగించడం ప్రమాదమే.

మన దగ్గర ఆ పాత రేటింగు కూడా లేదు. ఇంటి సేవల సంస్థలకు నమోదు, కనీస ప్రమాణాలు ఉండాలని వయోవృద్ధుల సంక్షేమ చట్టానికి సవరణ బిల్లును 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టారు. అది చట్టం కాకుండానే ఆ సభ గడువు తీరింది. ఈలోగా ప్రతి ఊళ్లోనూ అటెండెంట్లను పంపే ఏజెన్సీలు వెలిశాయి. కాకినాడలో మా అమ్మకూ అలాగే ఒకమ్మాయిని పెట్టుకున్నాం, ఇరవై నాలుగు గంటల డ్యూటీకి. రోటాలు వేసే దాన్ని కదా, నా లెక్క ఎక్కడా కుదరలేదు. రాత్రి అమ్మను రెండు మూడుసార్లు బాత్‌రూమ్‌కి తీసుకెళ్లాలి. మరి ఆ అమ్మాయి నిద్రపోయేదెప్పుడు? ఏజెన్సీకి ఫోన్ చేసి ఇదే అడిగాను.

"వాళ్లకది అలవాటేనండీ" అన్నారు.

పగటికి ఒకరు, రాత్రికి ఒకరు కావాలని పట్టుబట్టాం. ఖర్చు పెరిగింది. అన్నయ్యా నేనూ చెరిసగం వేసుకుంటున్నాం.