నల్లమల వెన్ను మీద ఏడుగురు

మార్కాపురం పలకను చీల్చే మనిషి ఉలి అంచును రాతి పొర వెంట ఆనించి చిన్నగా తడతాడు. రాయి రేకులుగా విడిపోతుంది. ఎన్నో తరాల తెలుగు పిల్లలు అక్షరాలు దిద్దింది ఆ రేకుల మీదే. గనిలో అన్నం పెట్టే ఈ గుణమే కొండ మీద ప్రాణం మీదికి తెస్తుంది. పొర వెంట విడిపోయే రాయి, మనిషి బరువు పడ్డప్పుడు కూడా పొర వెంటే విడిపోతుంది.

భూగర్భ శాస్త్రంలో ఈ పలకరాతి పొరలకు కంభం పేరే పెట్టారు. వాటికి తోడుండే క్వార్ట్‌జైట్ పొరలది బైరేనికొండ పేరు. ఒకనాటి ఇసుకరాయే వేడికీ ఒత్తిడికీ గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. నల్లమలలో పెద్ద శిఖరాలు బైరేనికొండ, గుండ్ల బ్రహ్మేశ్వరం. రెండూ సుమారు మూడు వేల అడుగుల ఎత్తువి. హిమాలయాలతో పోలిస్తే లెక్కలోకి రాని ఎత్తు. కానీ ఎక్కేవాడి కాలికి తగిలేది ఎత్తు కాదు, రాయి. పొరలు మడతలు పడి పైకి లేచినచోట పలకరాయి వానలకు అరిగి జారిపోయింది, క్వార్ట్‌జైట్ వెన్నులా నిలబడింది. అందువల్ల గట్టుకు దిగువన కదిలే పలక ముక్కల వాలు ఉంటుంది, పైన పదునైన అంచుల బండలుంటాయి. వాలు మీద పనికొచ్చిన నడక బండల మీద పనికిరాదు.

ఈ రెండింటి మీదా మబ్బు దిగిన రోజున ఒక వరుస ఎలా నడుస్తుందో దగ్గర నుంచి చూశాను. అటవీ శాఖ అనుమతితో వెళ్లిన ప్రయాణం అది. గిద్దలూరు నుంచి దిగువమెట్ట మీదుగా నంద్యాల పోయే దారికి పక్కనున్న అడవి. మొత్తం ఏడుగురం. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు చెంచులు. పులుల అడవిలో బేస్ క్యాంపుల్లో ఉండి కాపలా తిరిగేవాళ్లు. మధ్యలో మేం ముగ్గురం, పట్నం కాళ్లవాళ్లం. నల్లమలలో పులి జాడ పట్టే పనికి చెంచుల్ని మించినవాళ్లు లేరని అందరూ ఒప్పుకునేదే. జాడ పట్టడం గురించి చాలామంది రాశారు. కొండ ఎక్కడం గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. నాకు మాత్రం అది చెక్కడం, నేయడం లాంటి పనులకు ఏమాత్రం తీసిపోని పనితనంగా కనిపించింది.

ముందు నడిచే పెద్దాయన వేగం మొదట్లో చికాకు పెట్టేంత నెమ్మది. వాలు మొదలైన చోటి నుంచి పైదాకా ఆ వేగం మారలేదు. ఆయన ఎక్కడా ఆగి రొప్పలేదు, మమ్మల్నీ రొప్పనివ్వలేదు. వరుసలో అందరికన్నా బలహీనుడు ఎవరో మొదటి అరగంటలోనే పసిగట్టి, అతన్ని తన వెనక రెండో మనిషి తర్వాత పెట్టుకున్నాడు. సాధారణంగా నీరసపడేవాడు వెనకబడతాడు. వెనకబడ్డవాడు అందుకోవాలని తొందరపడతాడు, తొందరలో కాలు తప్పు రాయి మీద వేస్తాడు. పెద్దాయన ఆ గొలుసును మొదటి లంకెలోనే తెంపేశాడు.

రాతి మీద ఆయన చెయ్యి చేసే పని చూడాలి. పట్టుకోబోయే బండను ముందు అరచేతితో తడతాడు, సంతలో కుండ కొనే ఇల్లాలు తట్టి చూసినట్టు. గట్టిది పొట్టిగా పలుకుతుంది, వదులుది బోలుగా. గట్టిగా పలికినా వెంటనే నమ్మడు. పట్టును తన వైపు లాగడు, కిందికి నొక్కుతాడు. పొరల రాయి కిందికి నొక్కితే నిలుస్తుంది, బయటికి లాగితే ఊడి వస్తుంది. చేతులు భుజాల పైకి పోకుండా, నడుముకూ ఛాతీకీ మధ్యే పట్లు వెతుక్కుంటాడు. చేతులు పైకెత్తినవాడి మడమలు లేస్తాయి, మడమ లేస్తే తడిరాతి మీద వేళ్ల కొసలే మిగులుతాయి. రెండు చేతులూ రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు రాతి మీదే ఉంటాయి, ఒకటే కదులుతుంది. పర్వతారోహణ శిక్షణలో మొదటిరోజు నేర్పే సూత్రం ఇది. ఇక్కడ దాన్ని ఎవరూ సూత్రంగా చెప్పుకోరు.

నేను ఒకచోట గడ్డి కుదురు పట్టుకోబోతే వెనక నుంచి మాట వచ్చింది. “సారూ, గడ్డి పట్టుకోబాక. అది మనల్ని మొయ్యదు. రాయినే పట్టుకో, తట్టి పట్టుకో.”

క్వార్ట్‌జైట్ మొదలయ్యాక చెప్పులు విప్పి నడుముకు దోపుకున్నారు. తడిసిన క్వార్ట్‌జైట్ మీద సన్నగా పాచి ఉంటుంది, కంటికి కనిపించదు. కానీ ఈ రాయి అరగదు, విరుగుతుంది. విరిగిన అంచు పదును పోదు. వాళ్ల పాదం బండ చదునును వదిలేసి అంచునే వెతుక్కుంటుంది. చూడటానికి చదునే భద్రంగా తోస్తుంది. మా బూట్లు మూడుసార్లు జారినచోట ఆ బొటనవేళ్లు అంచు మీద ఆనుకుని నింపాదిగా పైకి పోయాయి. స్కాట్లండ్‌లోని స్కై దీవిలో కూలిన్ కొండలెక్కేవాళ్లకూ ఇలాంటి చిక్కే ఉంది. అక్కడి గాబ్రో రాయి తడిలోనూ కాలిని పట్టుకుంటుంది, మధ్యలో వచ్చే బసాల్ట్ జారుస్తుంది. రాయి మారిన చోటును కాలితో గుర్తుపట్టడమే అక్కడా అసలు విద్య. నడకకూ తాళ్లతో ఎక్కడానికీ మధ్యనుండే ఈ రకం కొండెక్కుడును బ్రిటన్‌లో స్క్రాంబ్లింగ్ అంటారు, కష్టాన్ని బట్టి 1 నుంచి 3 దాకా తరగతులు వేస్తారు. మన గట్టుకు తరగతి వేసినవాళ్లెవరూ లేరు.

అంతకుముందు పలక ముక్కల వాలు దగ్గర నన్ను ఆశ్చర్యపరిచింది వరుస కుదించుకోవడం. రాళ్లు జారే చోట మనుషులు దూరదూరంగా నడవాలని నేననుకున్నాను. వాళ్లు మమ్మల్ని ఒకరి వీపు ఒకరికి తగిలేంత దగ్గరికి జరిపారు. ముందువాడి కాలికింద కదిలిన ముక్క వెనకవాడి పిక్క దగ్గరికి వచ్చేసరికి ఇంకా వేగం అందుకోదు, చేత్తో ఆపొచ్చు. అదే ముక్క నలభై అడుగులు దొర్లితే తల పగలగొడుతుంది. వాలు ఇరుకైన గాడిలా మారిన చోట మాత్రం పద్ధతి తిప్పేశారు. ఒక్కొక్కరే పైకి, మిగతావాళ్లు గాడిలో కాకుండా పక్క బండ చాటున. దగ్గరితనం ఎక్కడ రక్షిస్తుందో, ఎక్కడ చంపుతుందో చూపు ఒక్కసారి వేసి తేల్చడం ఏళ్ల తరబడి నడిస్తే తప్ప రాదు.

అన్నిటికన్నా నేను మెచ్చింది వదులు రాళ్ల పట్ల వాళ్ల మర్యాద. కాలికి అడ్డమొచ్చిన రాయిని ఎవరూ తన్నలేదు. పెద్దాయన దాన్ని రెండు చేతులా ఎత్తి, పైవైపు ఒక సందులో కూరి, మళ్లీ ఒకసారి నొక్కి చూసి ముందుకు పోయాడు. ఆ పని తనకోసం కాదు, తను అప్పటికే దాటేశాడు. రెండో అతను అదే రాయిని కాలితో సరిచూశాడు. నా దాకా వచ్చేసరికి ఆ రాయి మెట్టయింది. అట్లా పొద్దున్నుంచి ఎన్ని రాళ్లు కూర్చారో! ఎక్కేవాడి పనితనాన్ని అతను ఎంత చురుగ్గా పైకి చేరాడన్న దాన్నిబట్టి కొలుస్తాం. నాకు మాత్రం అతని వెనక రాళ్లు ఎంత కుదురుగా ఉన్నాయన్నదే సరైన కొలత అనిపిస్తుంది.

మబ్బు సగం దారిలో దిగింది. ముందు మనిషి వీపు కనిపిస్తుంది, అతని ముందు మనిషి కనిపించడు. అప్పుడు వాళ్ల మాటలు మారాయి. అప్పటిదాకా మౌనంగా ఉన్నవాళ్లు కొద్దికొద్ది సేపటికి ఒక చిన్న కూత మొదలుపెట్టారు. ముందు కూత, వెనక బదులు కూత. బదులు రాకపోతే ముందువాడు అడుగు వేయడు. పరికరమేదీ లేకుండా ఏడుగురి లెక్క క్షణక్షణం సరిపోతూ ఉంటుంది.

నల్లమల గట్లు దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. వెన్ను పట్టుకుంటే పైకి పోవడంలో తప్పిపోయేది తక్కువ, ఎందుకంటే పక్క గట్లన్నీ ఎక్కేకొద్దీ వచ్చి పెద్ద గట్టులో కలుస్తాయి. చిక్కంతా దిగేటప్పుడు. కలిసిన గట్లే అప్పుడు చీలిపోతుంటాయి, మబ్బులో ప్రతి చీలికా మనం వచ్చిన దారిలాగే కనిపిస్తుంది. కొండల్లో దారి తప్పడాలు ఎక్కువగా దిగే ప్రయాణంలోనే జరిగేది ఇందుకే. చివరి ఇద్దరిలో చిన్నవాడు ప్రతి చీలిక దగ్గరా ఆగి, వెనక్కి తిరిగి, దిగేటప్పుడు ఆ చోటు ఎలా కనిపిస్తుందో నిలబడి చూసుకున్నాడు. ఒక కొమ్మ వంచాడు, లేదా రాయి మీద రాయి పెట్టాడు. కానీ ఆ గుర్తులకన్నా వెనక్కి తిరిగి చూడటమే అసలు పని. పొరలు ఏ వైపు వాలాయి, గాలి ఏ చెంపకు తగులుతోంది, అవి కూడా ఆ చూపులోనే చేరతాయి.

ఇదే కొండల కడుపులోంచి వెలిగొండ సొరంగాలు తవ్వారు. కృష్ణ నీళ్లు పశ్చిమ ప్రకాశానికి తేవడానికి ఒక్కోటి 18 కిలోమీటర్లకు పైగా. ఆ యంత్రాల పనిని గౌరవిస్తాను, ఈ నేలకు నీళ్లు కావాలి. రాతిని తొలిచే విద్యకు లెక్కలున్నాయి, పటాలున్నాయి. అదే రాతి మీద మనిషిని నిలబెట్టే విద్య కాళ్లలోనే ఉండిపోయింది.

కొండెక్కడంలో తెలుగువాళ్ల పేరు చెప్పాలంటే 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ గుర్తొస్తారు. సంక్షేమ గురుకులాల పిల్లలు వాళ్లు, తొలి పాఠాలు భువనగిరి బండ మీద నేర్చారు. భువనగిరిది ఏకశిల, గట్టి గ్రానైట్. అక్కడ తాడును నమ్మడం నేర్పుతారు. ఈ గట్టు మీద తాడు లేదు. చెంచులకు తాడు తెలియక కాదు. కొండ చరియల్లో పెద్ద తేనెపట్లు కోసేటప్పుడు అడవి తీగలతో, నారతో పేనిన తాడు కట్టుకుని అగాధం మీద వేలాడతారు. పైన ఆ తాడు పట్టుకునే చెయ్యి బావమరిదిదై ఉండాలన్నది వాళ్ల ఆచారం. తోబుట్టువు పసుపుకుంకుమలు అతని గుప్పిట్లో ఉంటాయి కాబట్టి జారవిడవడని నమ్మకం. ప్రపంచంలో పర్వతారోహకులు తాడు జోడీని ఎంచుకోవడానికి ఎన్నో నియమాలు పెట్టుకున్నారు. ఇంత కచ్చితమైనది ఇంకొకటి నాకు తెలియదు.

శిఖరానికి కొంచెం దిగువన ఉరుము వినబడింది, దూరంగా. పెద్దాయన ఆగి, కూత వేసి, బదులు విని, వెనుదిరిగాడు. పైకి ఇంకా ఎంత ఉందని మాలో ఒకరు అడిగారు. “శానా లేదు సారూ. పిడుగు మాత్రం ఎన్ను మీదనే పడుద్ది” అన్నాడు. అంతకు మించి చర్చ లేదు. మేం అలసిపోయి ఉన్నాం, దగ్గరకొచ్చి ఉన్నాం. తప్పు నిర్ణయాలు పుట్టేది అట్లాంటి చోటే. ఆయనకు శిఖరం మీద ఆశ లేదని కాదు. వరుసను కిందికి చేర్చడమే తను ఒప్పుకున్న పని.

దిగేటప్పుడు వరుస తిరగబడింది. వెనకున్న ఇద్దరూ ముందయ్యారు, పెద్దాయన చివరకు వెళ్లాడు. దిగడంలో అనుభవం చివరనే ఉండాలి, పైనుంచి అందరి అడుగులూ కనిపిస్తాయి, జారినవాడి చెయ్యి అందుకోవచ్చు. బండల దగ్గర మమ్మల్ని ముఖం కొండవైపు తిప్పుకుని దిగమన్నాడు, కాలు కిందికి చాచినప్పుడు అది ఏ అంచు మీద ఆనాలో పేరుపేరునా చెప్పాడు. “ఎడమ కాలు, ఇంకా జెర్రంత కిందికి, ఆ తెల్లగీత మీద పెట్టు.” క్వార్ట్‌జైట్‌లో సన్నని తెల్ల చారలుంటాయి. ఎక్కేటప్పుడు మేం వాటిని చూడనైనా లేదు. ఆయన వాటన్నిటినీ మెట్లుగా గుర్తుపెట్టుకున్నాడు. పలక వాలు దగ్గర, పొద్దున కూరిన రాళ్లు కూరినచోటే ఉన్నాయి. వాటి మీదే కాళ్లు పెట్టి దిగాం.