ఒక్క కాగితం మీద 66 కిలోమీటర్లు

మా పెదనాన్నగారి అమ్మాయి ఫ్రీమాంట్‌లో ఉంటుంది. ఆవిడకు కొండల పిచ్చి. ఒక జూలైలో నేను అక్కడికి వెళ్లినప్పుడు నా చేతిలో పెట్టిన ఏ4 కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. రెండు వైపులా పెన్సిల్ రాత, మడతల దగ్గర చిరుగు. కాలిఫోర్నియాలోని కింగ్స్ కెన్యన్ నేషనల్ పార్కులో రే లేక్స్ లూప్‌ను నలుగురం ఐదు రోజుల్లో చుట్టి రావడానికి ఆవిడ వేసిన పథకం అది. ఆ సరస్సుల అందం గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. నా కన్ను మాత్రం ఈ కాగితం పనితనం మీదే ఉంది.

దారి ఇదీ. రోడ్స్ ఎండ్ అనే చోట కారు వదలాలి. పేరుకు తగ్గట్టు రోడ్డు అక్కడితో సరి. నది పక్కన ఎక్కుతూ పోయి, సరస్సులు దాటి, గ్లెన్ పాస్ అనే కనుమ మీదుగా అవతలి లోయలోకి దిగితే మళ్లీ కారు దగ్గరికే చేరతాం. మొత్తం 66 కిలోమీటర్లు. కారు దగ్గర ఎత్తు 1,535 మీటర్లు, కనుమ దగ్గర 3,650. నేనైతే 66ను ఐదుతో భాగించి చేతులు దులుపుకునేవాణ్ణి. అక్క అసలు భాగించనే లేదు. దూరాలు కాగితం అంచున చిన్న అంకెల్లో ఉన్నాయి. పెద్ద అంకెల్లో రాసినవి రాత్రి పడుకునే ఎత్తులు: 2,000, 2,600, 3,200, 2,450. పగలు ఎక్కిన ఎత్తు కంటే రాత్రి నిద్రపోయే ఎత్తే తలనొప్పులూ వాంతులూ తెచ్చిపెడుతుంది కాబట్టి, ఆ మెట్లు ఒక్కొక్కటీ ఆరేడు వందల మీటర్లు దాటకుండా చూసుకుంది. గుడారం ఎక్కడ వేయాలో ముందు తేల్చింది. ఆ తర్వాతే నడక లెక్క.

రెండో రోజు గడిలో ‘నది - 6.30’ అని రాసి కింద రెండు గీతలు గీసింది. ప్యారడైజ్ వ్యాలీ ఎగువన కింగ్స్ నది దక్షిణపాయ మీద ఒకప్పుడు వంతెన ఉండేది. 2017లో కొట్టుకుపోయింది. మేం వెళ్లేనాటికి నీళ్లలో దిగి దాటడమే దారి. “అంత పొద్దున్నే ఎందుకక్కా, చలికి చస్తాం” అన్నాను. మాట్లాడలేదు. ముందురోజు సాయంత్రం నది ఒడ్డున, నీళ్లు తాకుతున్న చోటే ఒక పుల్ల గుచ్చి వచ్చింది. తెల్లారి చూస్తే పుల్ల పొడి ఇసుకలో నిలబడి ఉంది, నీళ్లు దానికి బెత్తెడు కిందికి దిగాయి. పగటి ఎండకు పైన కరిగిన మంచు సాయంత్రానికి నదిలోకి చేరుతుంది, రాత్రి చలికి కరగడం ఆగుతుంది, పొద్దున్నకు నది నెమ్మదిస్తుంది. అందుకే మొదటి రాత్రి గుడారం నదికి ఇవతలే, నడిచి వెళ్లేంత దగ్గరలో వేయించింది. ఆ ఒక్క 6.30 కోసం మొదటి రోజంతా వెనక్కి లెక్కగట్టి సర్దిందన్నమాట.

గ్లెన్ పాస్‌కూ ఇలాంటి లెక్కే. ఉత్తరపు వాలు మీద మంచు ఆలస్యంగా కరుగుతుంది. నిటారు మంచు మీద దిగడం కంటే ఎక్కడం క్షేమం కాబట్టి లూప్‌ను గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిప్పింది. తొమ్మిదికి ముందు అక్కడి మంచు గాజులా ఉంటుంది, మధ్యాహ్నం దాటితే పిడుగుల మబ్బులు. ‘9-11’ అని రాసి ఊరుకుంది.

కాగితం వెనకవైపు వంటిల్లు. ఆ ప్రాంతంలో తిండి, సబ్బు, టూత్‌పేస్ట్ సహా వాసన వచ్చే ప్రతిదీ ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలో పెట్టాలని పార్కు నిబంధన. పదకొండు లీటర్ల డబ్బా ఖాళీగానే కిలోకు పైగా తూగుతుంది. కాబట్టి అక్క తిండిని బరువుతో కాదు, అది ఆక్రమించే చోటుతో తూచింది. మరమరాలు కొట్టేసింది, సున్నుండలు ఉంచింది. పోపు వేసి వేయించిన ఉప్మా రవ్వ, పలచటి అటుకులు, కందిపొడి. కందిపప్పు పక్కన ‘వద్దు, 89’ అని ఉంది. 3,200 మీటర్ల ఎత్తున నీళ్లు సుమారు 89 డిగ్రీలకే మరుగుతాయి. ఆ నీళ్లలో పప్పు ఉడికేలోపు గ్యాస్ అయిపోతుంది. “మరి ఆవకాయ?” అంటే, “డబ్బాలో పడితే తెచ్చుకోరా, నీ టూత్‌పేస్ట్ మాత్రం బయట పెట్టడానికి వీల్లేదు” అంది. రెండు చెంచాల ఆవకాయ పట్టింది.

నడక ఐదు రోజులు, తిండి ఆరు రోజులకు. ఆరో గడిలో ‘ఖాళీ’ అని ఒక్క మాట. నది తగ్గకపోయినా, కనుమ మీద వాన పట్టుకున్నా వాడుకోవడానికి దాచిన రోజది. మొదట చూసి అక్క ఏదో రాయడం మరిచిపోయిందనుకున్నాను. పథకంలో అన్నిటికంటే ఖరీదైన గడి అదే: దానికోసం ప్రతి డబ్బాలో ఒక రోజు తిండికి చోటు వదలాల్సి వచ్చింది.

తప్పు లేదా అంటే ఒకటుంది. చివరి రోజు 900 మీటర్లకు పైగా దిగుడు, అందులో ఆఖరి మెలికల మీద నీడ లేదు. బయల్దేరే సమయం 8 అని వేసింది. నేనైతే 6 అనేవాణ్ణి. మోకాళ్ల సంగతి పథకంలో ఎక్కడా లేదు, ఆవిడవి బాగానే ఉన్నాయి కాబట్టి.

కాగితం అడుగున చివరి వరస మా కోసం రాసింది కాదు. దాని నకలు ఇంట్లో బావ దగ్గర ఉంది. పైన ఫోన్ సిగ్నల్ దొరకదు. ఆరో రోజు కూడా గడిచి, ఏడో రోజు మధ్యాహ్నం 12 దాటినా కబురు రాకపోతే పార్కు రేంజర్లకు ఫోన్ చేయాలనీ, కారు నంబరు, నాలుగు రాత్రుల మకాములు వరసగా చెప్పాలనీ ఉంది. ఆ ఫోన్ అవసరం పడలేదు. ఐదో రోజు సాయంత్రం కొండ దిగి ఫ్రెస్నో వైపు వస్తుంటే సిగ్నల్ తగిలింది. అక్క ముందు బావకు చేసింది.