జంట పెట్టె

ప్యారిస్‌ను ఆనుకుని సాంతువాన్‌లో పెద్ద పాత సామాన్ల బజారు ఉంది. అక్కడో కొట్లో చేతి తొడుగులు దాచుకునే పెట్టె ఒకటి చూశాను. మూరెడు కన్నా తక్కువే. నల్లటి కర్ర, ఎర్రటి తాబేటి డిప్ప, అందులో ఇత్తడి తీగెలు, ఆకులు. ఓ ఆకు కొస గోరుమందం పైకి లేచింది. వేలు పెట్టబోతే కొట్టాయన గబుక్కున ఆపాడు. గుడ్డతో తుడవను కూడా కూడదట. దారం చిక్కుకుంటే ఇత్తడి ఊడొస్తుందట.

చెమ్మగాలికి కర్ర ఉబ్బుతుంది, పొడిగాలికి ముడుచుకుంటుంది. ఇత్తడికి ఆ పట్టింపు లేదు. పశువుల తోళ్లు కాచి తీసిన బంక ఆ రెంటికీ ఏళ్లతరబడి సర్దిచెప్పి, చివరికి చేతులెత్తేస్తుంది.

మూత తీస్తే తాళం రేకు మీద సన్నటి అక్షరాలు: తహాన్, ప్యారిస్. మూడో నెపోలియన్ చక్రవర్తికి (1852–70) సరుకిచ్చిన కొట్టు, ర్యూ ద లా పే వీధిలో ఉండేది. పైన ఎక్కడా పేరు లేదు, తెరిచినవాళ్లకే కనబడుతుంది. ఆ బిగువు నాకు నచ్చింది.

పనితనం మాత్రం ఇంకా పాతది. పద్నాలుగో లూయీ కొలువులో చేసిన ఆంద్రే షార్ల్ బూల్ (1642–1732) పేరు మీదే చలామణీ అవుతోంది, కనిపెట్టింది ఆయన కాకపోయినా. డిప్ప రేకునీ ఇత్తడి రేకునీ ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన బొమ్మ గీసిన కాగితం అంటించి, వెంట్రుకలాంటి రంపంతో రెంటినీ ఒకేసారి కోస్తారు. విడదీస్తే డిప్పలో ఇత్తడి పువ్వు అమరుతుంది, మిగిలిన ఇత్తడిలో డిప్ప పువ్వు అమరుతుంది. ఒక్క కోతకు రెండు పెట్టెల పని! పోయేది రంపప్పొట్టే. ఇంత డాబు వస్తువు వెనక మా అమ్మమ్మ జాకెట్టు గుడ్డ కత్తిరించేటప్పటి పొదుపుంది. అన్నట్టు, ఆ ఎరుపు డిప్పది కాదు, అడుగున పూసిన రంగుది.

మెరుగు లక్కది. స్పిరిట్‌లో కరిగించి, దూది పొదిగిన గుడ్డ ఉండతో పొర మీద పొర రుద్దుతారు. మోదుగ, రేగు కొమ్మల మీద పురుగు పెట్టే ఆ లక్క మన దేశం నుంచే ఓడలెక్కేది. మన వడ్రంగుల నోట మాత్రం అది ఫ్రెంచ్ పాలిష్.

ఈ పెట్టె జంట ఎక్కడుందని కొట్టాయన్ని అడిగాను. ఆయన భుజాలెగరేసి ధర చెప్పాడు. నేను వెనక్కి తగ్గగానే మూత వేసి, లేచిన ఆకు వైపు గోడకు తిప్పి పెట్టాడు.