బానిసల స్వీయచరిత్రలలో అక్షరం

పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికాలో అచ్చయిన బానిసల స్వీయచరిత్రలను తెరిచి చూస్తే, వాటిలో పెక్కింటి ముఖపత్రం మీద గ్రంథనామంతోబాటు ఒక చిన్న మాట కనిపిస్తుంది: తానే వ్రాసినది అని. స్వీయచరిత్రను తాను గాక మరెవరు వ్రాస్తారని మనకు తోచవచ్చును. కాని బానిస విషయంలో ఆ ప్రశ్నకు నాటి పాఠకలోకం మరొక జవాబును సిద్ధంగా ఉంచుకున్నది. అంతకు చాలా ముందే, 1773లో, ఫిలిస్ వీట్లీ అనే బానిస యువతి కవితాసంపుటి లండనులో వెలువడినప్పుడు, ఆ పద్యాలు ఆమెవేనని బోస్టను పెద్దమనుషులు 18 మంది సంతకాలు చేసిన ధ్రువపత్రాన్ని గ్రంథంలో చేర్చవలసి వచ్చినది. కావ్యానికి పీఠిక ఉండడం మనమెరుగుదుము. జామీను ఉండడం ఇక్కడ చూస్తాము.

ఈ స్వీయచరిత్రలను గురించి సాధారణంగా చెప్పే మాట ఒకటి ఉన్నది. చదువు వచ్చినది, కన్ను తెరుచుకున్నది, సంకెల తెగినది. మాట తప్పు కాదు. కాని గ్రంథాలను శ్రద్ధగా చదివినవారికి అది చాలదు. ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో ప్రకటించిన స్వీయచరిత్రనే తీసుకుందాము. మేరీలాండులో పుట్టి, సుమారు 8 ఏండ్ల వయస్సులో బాల్టిమోరు నగరానికి చేరిన ఈ బాలునికి ఇంటి ఇల్లాలు సోఫియా ఆల్డ్ అక్షరాలు నేర్పడం మొదలుపెట్టినది. భర్త హ్యూ ఆల్డ్ దానిని మాన్పించాడు. చదువు నేర్చిన బానిస ఇక బానిసగా పనికిరాడని అతడు భార్యకు చేసిన హితబోధను బాలుడు పక్కన నిలిచి విన్నాడు. నిజానికి అతనికి అబ్బిన తొలి పాఠం అదే. యజమాని దేనికి వెరచుచున్నాడో అదే తనకు కావలసినదని గ్రహించాడు. మేరీలాండులో బానిసకు చదువు చెప్పరాదనే చట్టం లేదు. అక్కడ యజమాని నోటి మాటే చట్టం.

ఆ తరువాత అతడు చదువును కొన్నాడు, ఏరుకున్నాడు, దొంగిలించాడు. వీధిలోని పేద తెల్లపిల్లలకు రొట్టెముక్కలిచ్చి పాఠాలు చెప్పించుకున్నాడు. ఓడలు కట్టే చోట వడ్రంగులు ఏ కొయ్య ఏ పక్కకో గుర్తుగా వ్రాసుకునే అక్షరాలను చూచి వ్రాత పట్టుకున్నాడు. యజమాని కొడుకు వ్రాసి పడవేసిన కాపీపుస్తకంలో మిగిలిపోయిన ఖాళీలలో చేయి దిద్దుకున్నాడు. తెల్లపిల్లవాని వ్రాత విడిచిన సందులలో నల్లపిల్లవాని వ్రాత ఇమిడినది! ఈ వివరాన్ని డగ్లస్ ఏ అలంకారమూ లేకుండా చెప్పి ముందుకు సాగిపోతాడు. అతని శిల్పమంతా ఆ సంయమంలోనే ఉన్నది. చదువు తనకు సుఖమిచ్చినదని కూడ అతడు చెప్పడు. సంపాదించిన 50 సెంట్లు పెట్టి కొన్న వక్తృత్వ పాఠాల పుస్తకం అతనికి తన దుఃస్థితిని చూపినది గాని, బయటపడే దారిని చూపలేదు. చదువు శాపమేమో ననుకున్న దినాలున్నవని అతడు దాచలేదు.

అయితే అక్షరానికి యజమానులు అంతగా వెరవడమెందుకు? బానిసత్వం కొరడాతో ఎంత నడిచినదో కాగితంతోను అంత నడిచినది. క్రయపత్రం, వీలునామా, పారిపోయినవానిని పట్టి ఇచ్చినవారికి బహుమానమనే పత్రికాప్రకటన, ఊరు దాటే బానిస దారిలో చూపవలసిన అనుమతిచీటీ, ఇవన్నీ వ్రాతలే. 1740లో దక్షిణ కరొలినా, బానిసకు వ్రాత నేర్పడాన్ని నిషేధించినది. 1830లో ఉత్తర కరొలినా చదువును, వ్రాతను రెండింటిని నిషేధిస్తూ, అంకెలను మాత్రం మినహాయించినది. లెక్క తెలిసిన బానిసతో యజమానికి ప్రయోజనమున్నది. అక్షరం తెలిసినవానితో ప్రమాదమున్నది. ఆ ప్రమాదమెట్టిదో డగ్లస్ 1836లో చూపించాడు. తోటివారితో కలిసి పారిపోదలచి, యజమాని వ్రాసినట్లుగా అనుమతిచీటీలు తానే వ్రాశాడు. గుట్టు బయటపడి అందరిని పట్టుకొనిపోతుండగా, చీటీని ఏమి చేయుమని ఒక మిత్రుడు అడిగితే, రొట్టెతోబాటు తినివేయుమన్నాడు. అక్షరంకోసం రొట్టెనిచ్చిన బాలుడు, పెద్దవాడై ఆ అక్షరాన్ని రొట్టెతో మ్రింగించవలసి వచ్చినది.

డగ్లస్ కథ ప్రసిద్ధం. దానికంటె చిక్కనిదని నేను భావించే గ్రంథం హారియెట్ జేకబ్స్ 1861లో లిండా బ్రెంట్ అనే మారుపేరుతో ప్రకటించిన స్వీయచరిత్ర. ఆమెకు చదువు నేర్పినది తొలి యజమానురాలే. ఆ యజమానురాలే చనిపోతూ, వీలునామాలో ఈ బాలికను తన మేనకోడలైన పసిపిల్లకు వ్రాసి ఇచ్చినది. అక్షరాలు దిద్దించిన ఇల్లాలి పేరనే, మనిషిని ఆస్తిగా బదలాయించే పత్రమూ వెలసినది. జేకబ్స్ ఆ ఇల్లాలిని తూలనాడదు. ఉపకారాన్ని ఉపకారంగా, అపకారాన్ని అపకారంగా తలచుకుంటుంది. అందుచేతనే ఆ ఘట్టం మరింత బాధిస్తుంది.

ఆ పసిపిల్ల తండ్రి అయిన వైద్యుడు జేకబ్స్‌ను చెరచజూచినవాడు. ఆమె తనంతట తాను వ్రాత నేర్చుకొనడం ఒకనాడు అతని కంట పడినది. శిక్షింపలేదు. తన దురాలోచనకు అదీ ఒక సాధనమే అనుకొని, ఆమె చేతికి చీటీలు అందించసాగినాడు. ఆమె వాటిని తిరిగి ఇచ్చివేస్తూ తనకు చదవడం రాదన్నది. ఇక్కడ చదువు స్వేచ్ఛకు ద్వారమనే సూత్రం నిలువదు. పురుషునికి దారి చూపిన అక్షరం స్త్రీకి వల అయినది. చదువురాని దానివలె నటించడమే ఆమెకు రక్ష అయినది. ఈ భేదాన్ని డగ్లస్ గ్రంథం చెప్పలేదు, చెప్పజాలదు.

తరువాత ఆమె అమ్మమ్మ ఇంటి అటకమీద దాదాపు 7 సంవత్సరాలు దాగి ఉన్నది. 9 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, మిక్కిలి ఎత్తైనచోట 3 అడుగులు. ఆ ఇరుకులో ఒక న్యూయార్కు పత్రిక ముక్క దొరికితే, అందులోని వీధుల పేర్లు చూచుకొని, తాను ఆ నగరంలోనే ఉన్నట్లు యజమానికి జాబు వ్రాసి, ఒక మిత్రుని ద్వారా అక్కడనుండి తపాలాలో వేయించినది. వైద్యుడేమి చేశాడు? ఆమె అమ్మమ్మకు వ్రాసిన జాబును తీసివేసి, తాను కల్పించిన జాబును ఆమెదిగా ఆ ముసలమ్మకు చదివి వినిపించాడు. దాగిన చోటనుండి జేకబ్స్ అది విన్నది. తన పేరుతో మరొకరు వ్రాసిన మాటలను తాను వింటూ, కాదని నోరెత్తలేక పడి ఉన్న రచయిత్రి! స్వీయచరిత్ర అనే ప్రక్రియ ఎందుకు పుట్టినదో తెలుసుకోగోరే విమర్శకుడు ఈ ఒక్క ఘట్టాన్ని చదివినా చాలును.

స్వేచ్ఛ లభించిన తరువాత సయితం పీఠికల బెడద తప్పలేదు. డగ్లస్ తొలి గ్రంథానికి గారిసన్, ఫిలిప్స్ అనే తెల్ల ఉద్యమనాయకులు ముందుమాటలు వ్రాశారు. వారు సజ్జనులే. కాని సభావేదికపై డగ్లస్ తన ఆలోచనలు చెప్పబోతే, జరిగినది మాత్రం చెప్పు, తత్త్వం మేము చూచుకుంటామని ఆ వర్గంవారు సలహా ఇచ్చేవారు. ఈ సంగతిని అతడు 1855 నాటి రెండవ స్వీయచరిత్రలో వ్రాశాడు; దానికి నల్లజాతి వైద్యుడైన జేమ్స్ మెక్యూన్ స్మిత్ చేత పీఠిక వ్రాయించుకున్నాడు. జేకబ్స్ గతి ఇంకను కష్టం. ఆమె గ్రంథాన్ని సంపాదకురాలు లిడియా మరియా చైల్డ్ కల్పించిన నవలగా పండితులు చాలకాలం లెక్కించారు. 1981లో జీన్ ఫేగన్ యెలిన్ అనే పరిశోధకురాలు జేకబ్స్ స్వహస్తంతో వ్రాసిన జాబుల ఆధారంతో కర్తృత్వాన్ని నిరూపించినది. 120 ఏండ్లు ముఖపత్రం చెప్పినదాన్ని నమ్మనివారు జాబులు చూచి నమ్మారు.

చదువులేనివారికి కథ లేదని దీని భావం కాదు. చదవను వ్రాయను రాని సోజర్నర్ ట్రూత్ 1828లో న్యూయార్కు న్యాయస్థానానికెక్కి, చట్టవిరుద్ధంగా అమ్ముడుపోయిన తన కుమారుణ్ణి విడిపించుకున్నది. ఆమె చరిత్రను 1850లో మరొకరు వ్రాశారు. చదివేటప్పుడు ఏ వాక్యం ఆమెది, ఏ వాక్యం లేఖకురాలిది అని అడుగడుగునా తడుముకోవలసి వస్తుంది. ఈ ప్రశ్నలు మన దేశానికి దూరమైనవి కావు. జ్యోతిరావు ఫులే తన ‘గులామ్‌గిరి’ని 1873లో, బానిసత్వాన్ని తొలగించినందుకు అమెరికా ప్రజలకే అంకితమిచ్చాడు. నేడు అణగారినవారి స్వీయచరిత్రలు మన భాషలలో వచ్చినప్పుడు, సమీక్షకులు వాటిలో బాధను కొలిచి, వాక్యాన్ని విడిచిపెట్టడం కద్దు. ఆ సమీక్షలు జరిగినది చెప్పుమన్న పాత సలహాకు దగ్గరి చుట్టాలు.

డగ్లస్ 1845 గ్రంథంలో తాను 1838లో ఎట్లు పారిపోయినదీ చెప్పలేదు. చెప్పితే వెనుక ఉన్నవారి దారి మూసుకొనిపోతుందని పాఠకులకు స్పష్టంగా తెలియజేసి, కథకు ప్రాణమైన ఆ పుటను వ్రాయకుండా విడిచాడు. నావికుడైన ఒక స్వతంత్ర నల్లజాతి మిత్రుని గుర్తింపుకాగితాన్ని ఎరువు తెచ్చుకొని, అందులోని ఆనవాళ్లు తనకు సరిపోకున్నా రైలెక్కినానని అతడు గ్రంథస్థం చేసినది 1881లో, మూడవ స్వీయచరిత్రలో. అప్పటికి ఆ దేశంలో బానిసత్వం రద్దయి 16 సంవత్సరాలయినది.