పద్యం వినే చెవి

పద్యనాటకం చూసి వచ్చిన మనిషిని మర్నాడు పొద్దున తెనాలిలో ఎవరూ కథ అడిగేవారు కాదు. కథ అందరికీ తెలిసిందే. కృష్ణుడు రాయబారానికి వెళ్తాడు, దుర్యోధనుడు ఒప్పుకోడు. హరిశ్చంద్రుడు కాటికాపరి అవుతాడు, మాట మాత్రం తప్పడు. అడిగేదల్లా ఒక్కటే: పద్యం ఎలా పాడాడు? కంఠతా వచ్చిన పద్యం రాత్రి ఆ గొంతులో ఏ దారిన నడిచింది, ఎక్కడ మలుపు తిరిగింది, ఎలా ఇల్లు చేరింది అన్నదే వాళ్లకు కావలసిన కబురు.

అమెరికాలో జాజ్ రసికులు వినేదీ ఇలాగే. వాళ్లకూ పాట ముందే తెలుసు. ఈ సాక్సోఫోన్ విద్వాంసుడు, ఈ గాయని దాన్ని ఇవాళ ఏం చేశారన్నదే వాళ్ల ఆసక్తి. మనవాళ్లు మనోధర్మం అనే పేరు పెట్టుకున్నది ఈ గుణానికే. జాజ్ ఆల్బంను ఎలా వినాలో నేర్పే పుస్తకాలు ఆ దేశంలో బోలెడు. మన పద్యం రికార్డును ఎలా వినాలో చెప్పేవాళ్లు మాత్రం రోజురోజుకీ తగ్గిపోతున్నారు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో పుట్టి పెరిగిన కొన్ని గొంతులను ఆసరా చేసుకుని, ఆ వినికిడి విద్యను నాకు తెలిసిన మేరకు ఇక్కడ చెబుతాను.

తాళం లేని పాట

రంగస్థల పద్యానికి తాళం లేదు. అందుకని నడక లేదనుకోకూడదు. నడకంతా ఛందస్సులోనే ఉంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం మీద. చంపకమాలకు 21, యతి పదకొండో అక్షరం మీద. శార్దూలానికి 19, యతి పదమూడో అక్షరం మీద. లెక్కలు పక్కన పెట్టి మొదటి అడుగు వినండి. చంపకమాల మూడు లఘువులతో పరుగెత్తుతూ మొదలవుతుంది. శార్దూలం మూడు గురువులతో బరువుగా కాలు మోపుతుంది. ఏ పాత్ర నోట ఏ వృత్తం పెట్టాలో కవి ముందే ఆలోచించాడు. ఆ నడక చెడకుండా రాగాన్ని పరచడం నటుడి పని.

అనుభవమున్న నటుడు పద్యాన్ని ఎత్తుకునే తీరు గమనించండి. మొదటి పాదం దాదాపు మాటలాగే ఉంటుంది. రాగం పేరు చెప్పకుండా దాని నీడ మాత్రం చూపిస్తాడు. రెండో పాదంలో అర్థం ఎక్కడ విరుగుతుందో అక్కడ విరుస్తాడు. పాదం చివర ఆగాలన్న నియమం ఏమీ లేదు. మాట పాదం దాటి పోతే గొంతూ దానితోపాటే దాటాలి. మూడో పాదంలో స్వరం పైకి వెళుతుంది. నాలుగో పాదంలో పద్యం ప్రాణం ఏ మాటలో ఉందో ఆ మాట మీద నిలబడి, చివరి అక్షరం పట్టుకుని రాగం తీస్తాడు. జనం వన్స్‌మోర్ కొట్టేది అక్కడే.

సీసం దారి వేరు. నాలుగు పెద్ద పాదాలు, ఒక్కొక్క దానిలో ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. ఆ వెంటనే ఆటవెలదో తేటగీతో తోకగా రావాలి, అదే ఎత్తుగీతి. సీసపాదాలను వర్ణనకు తగినట్టు సాగదీసి, ఎత్తుగీతి దగ్గర గొంతు తగ్గించి, నేరుగా గుండెకు తగిలేలా చెప్పడం అందరికీ అబ్బదు. బాపట్ల తాలూకా ఇటికంపాడులో పుట్టిన బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ‘సత్యహరిశ్చంద్రీయం’ ఈ విద్యకు పెద్ద బడి అయింది. అందులోని కాటిసీను ఎంత బలమైనదంటే, నటులు గుర్రం జాషువా శ్మశాన పద్యాలను కూడా తెచ్చి అందులో కలుపుకున్నారు. రచయిత రాయని పద్యాలు ఆ నాటకానికి సొంతమైపోయాయి. కళాకారుడి స్వేచ్ఛకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

హార్మోనియం పక్కనుంచి చెప్పే మాట

పద్యం పాడేది ఒక్కడే అయినా నిజానికి అక్కడ ఇద్దరున్నారు. రెండో మనిషి కాలితో తొక్కే హార్మోనియం ముందు కూర్చుంటాడు. నటుడికి శ్రుతి అందిస్తాడు, పద్యానికి ముందు రాగాన్ని ఒక్క పలుకులో స్ఫురింపజేస్తాడు, గొంతు ఊపిరి తీసుకునే సందులో ఆ పలుకునే తిరిగి వాయిస్తాడు. నటుడు ఇవాళ ఏ స్వరం మీద ఆగుతాడో అతనికి ముందుగా తెలియదు. కాగితం మీద రాసిచ్చేవాళ్లూ ఎవరూ లేరు. చెవి ఒక్కటే ఆధారం.

మైకు లేని రోజుల్లో పందిరి చివర కూర్చున్నవాడికి కూడా అక్షరం వినపడాలంటే శ్రుతి పెంచక తప్పేది కాదు. పాత రికార్డుల్లో గొంతులు అంత పైన పలకడానికి కారణం అదే. ఇవాళ్టి చెవికి అది అరుపులా తోచవచ్చు. పది నిమిషాలు ఓపిక పట్టండి. ఆ పై శ్రుతిలోనే గమకం ఎంత సన్నగా తిరుగుతోందో వినిపిస్తుంది.

మూడు నిమిషాల గీత

పందిట్లో నటుడికి తెల్లవార్లూ సమయం ఉంది. ఒక్క పద్యాన్ని పావుగంట పాడినా అడ్డు చెప్పేవాడు లేడు. గ్రామఫోను వచ్చి ఆ స్వేచ్ఛకు గీత గీసింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల లక్క పళ్లెంలో ఒక పక్కకు పట్టేది సుమారు మూడు నిమిషాలు. పావుగంట విద్యను మూడు నిమిషాల్లో చూపించాలి.

ఇదే గీత జాజ్‌కూ ఎదురైంది. 1939 అక్టోబరులో న్యూయార్క్‌లో కోల్మన్ హాకిన్స్ అనే సాక్సోఫోన్ విద్వాంసుడు ‘బాడీ అండ్ సోల్’ అనే పాటను రికార్డు చేశాడు. అందరికీ తెలిసిన ఆ బాణీని మొదట్లో కాసేపు పలికించి, మిగిలిన సమయమంతా తన ఊహలోనే నడిచాడు. ఆ మూడు నిమిషాలు జాజ్ చరిత్రలో ఒక మైలురాయిగా నిలిచిపోయాయి. మన పద్యం రికార్డులనూ ఈ దృష్టితోనే వినాలి. నటుడు దేన్ని వదిలేశాడు? ఏ ఒక్క మాట కోసం సమయం దాచుకున్నాడు? రంగస్థల నటుడు కపిలవాయి రామనాథశాస్త్రి రికార్డుల పేరు ఊరూరా మోగడానికి కారణం ఆయన గొంతు ఒక్కటే కాదు, మూడు నిమిషాల్లో ఎక్కడ ఆగాలో తెలిసిన ఆయన వివేకం కూడా.

బాపట్ల సత్యభామ

స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టారు. 1920లో ఆ ఊళ్లోనే హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషంతో ఆయన రంగస్థల జీవితం మొదలైంది. తర్వాత తెనాలి రామవిలాస సభలో చేరారు. మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు వంటి మేటి నటులు నడిచిన సమాజం అది. 1956లో స్థానంవారికి పద్మశ్రీ వచ్చింది. సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి, ఈ స్త్రీపాత్రలన్నీ మగవాడైన ఆయనవే.

‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలో సత్యభామ కోసం ‘మీరజాలగలడా’ అనే పాటను ఆయనే రాసుకున్నారు. కృష్ణుడు తన మాట జవదాటలేడన్న భామ ధీమాయే ఆ పాట. పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ భామ మనసు ఎక్కడుందో వెతకడమే ఈ పాట వినే పద్ధతి. ఒకసారి గర్వం, ఒకసారి గారాబం, ఒకసారి ధీమా కింద దాగిన చిన్న సందేహం. మాట మారదు, స్వరం వంపు మారుతుంది. సంగతి అనే మాటకు అసలు అర్థం ఇదే. నగ మీద నగ పెట్టడం కాదు, అదే మాటలోంచి మరో అర్థం తీయడం.

ఈ పాటనే 1966లో ‘శ్రీకృష్ణ తులాభారం’ సినిమాలో పి. సుశీల పాడారు, జమున అభినయించారు, పెండ్యాల సంగీతం సమకూర్చారు. రెండింటినీ పక్కపక్కన వినండి. రంగస్థలం మీద భామ ఎదుట వేలమంది జనం ఉన్నారు. సినిమాలో మైకు గొంతుకు జానెడు దూరంలో ఉంది. ఆ దూరం పాటను ఎలా మార్చిందో ఏ పుస్తకమూ ఇంత తేటగా చెప్పలేదు.

ఈలలో పద్యం

చేబ్రోలు దగ్గర సుద్దపల్లిలో 1901లో పుట్టిన కల్యాణం రఘురామయ్యను తెలుగువాళ్లు ఈలపాట రఘురామయ్య అన్నారు. ఆయన కృష్ణుడి పాత్రకు పెట్టింది పేరు. పద్యం పాడి, ఆ వెంటనే వేలు మడిచి నోట పెట్టుకుని, అదే రాగాన్ని ఈలలో వినిపించేవారు. 1973లో సంగీత నాటక అకాడమీ పురస్కారం ఆయనను వరించింది. 1975లో కన్నుమూశారు.

జనం ఆ ఈలను వింతగా చూసి చప్పట్లు కొట్టారు. నేను దాన్ని విద్యగా వినమంటాను. ఈలకు అచ్చులు లేవు, హల్లులు లేవు, అర్థం లేదు. అయినా పద్యం పోల్చుకోగలం. గురువు దగ్గర ఈల నిలబడుతుంది, లఘువు దగ్గర జారిపోతుంది. అక్షరాలన్నీ తీసేశాక కూడా పద్యంలో ఏం మిగులుతుందో రఘురామయ్య మనకు చూపించారు. మిగిలింది నడక, రాగం, ఊపిరి. గొంతు పాడినదాన్ని వాద్యమై మళ్లీ చెప్పడం ఒకే మనిషిలో జరిగింది. జాజ్‌లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అటువంటివాడే. అతను ట్రంపెట్ వాయిస్తే పాడినట్టుండేది, పాడితే ట్రంపెట్ విరుపులు వినిపించేవి. వాద్యానికీ గాత్రానికీ మధ్య మనం గీసుకున్న గీత అంత గట్టిది కాదని ఈ ఇద్దరి ఊపిరీ చెబుతుంది.

రేపల్లె గొంతు, నాదస్వరం

అప్పటి గుంటూరు జిల్లా రేపల్లె తాలూకాలోని పల్లపట్ల గ్రామంలో 1938లో ఎస్. జానకి పుట్టారు. 1957లో సినిమా పాటలు పాడడం మొదలుపెట్టారు. 1962లో తమిళంలో ‘కొంజుం సలంగై’, తెలుగులో ‘మురిపించే మువ్వలు’ వచ్చింది. ఆ సినిమాలో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో కలిసి ఆమె పాడిన ‘నీలీల పాడెద దేవా’ పాట దగ్గర కాసేపు ఆగాలి. సంగీతం ఎస్.ఎం. సుబ్బయ్యనాయుడు, రాగం ఆభేరి. తెరమీద ఆ పాట పాడిన సావిత్రిది కూడా గుంటూరు జిల్లాయే, చిర్రావూరు.

ఆభేరి ఎక్కేటప్పుడు ఐదు స్వరాలు, దిగేటప్పుడు ఏడు. ఎక్కుతుంటే ఖాళీగా, విశాలంగా ఉంటుంది. దిగుతుంటే వదిలేసిన స్వరాలు ఒక్కొక్కటీ వచ్చి కలుస్తాయి. నాదస్వరం గుడి ముందు, ఊరేగింపులో, ఆరుబయట మోగే వాద్యం. వేళ్లకు ఏడు రంధ్రాలున్నా గమకమంతా ఊపిరిలో, పెదవి బిగువులో ఉంటుంది. అంత బలమైన నాదం పక్కన ఒక పల్చటి ఆడగొంతు తేలిపోవాలి. తేలిపోలేదు. జానకి గొంతు పెంచి పోటీ పడలేదు, నాదస్వరం జారినట్టే తానూ జారారు. చివర స్వరాల దగ్గర ఆమె ఒక వరస పాడితే వాద్యం అందుకుంటుంది, వాద్యం విసిరితే ఆమె అందుకుంటారు. వరసలు పొట్టివవుతూ, దగ్గరవుతూ, ఆఖరుకు రెండూ ఒకటవుతాయి.

1930లలో బిల్లీ హాలిడే పాడుతుంటే లెస్టర్ యంగ్ సాక్సోఫోన్ ఆమె మాటల సందుల్లో బదులు చెప్పిన రికార్డులను జాజ్ ప్రియులు ప్రాణప్రదంగా దాచుకున్నారు. రేపల్లె తాలూకా అమ్మాయి, కారుకురిచ్చి విద్వాంసుడు కలిసి మనకిచ్చింది ఆ కోవలోనిదే. ఒకటే తేడా. అక్కడ సాక్సోఫోన్ గొంతుకు తోడుగా నడిచింది, ఇక్కడ నాదస్వరం గొంతును పరీక్షకు పెట్టింది.

ఎలా వినాలి

మొదటిసారి అర్థం కోసం వినండి. ఎవరు ఎవరితో ఏం చెబుతున్నారో తెలియకుండా రాగాన్ని మెచ్చుకోవడం సగం వినడమే. రెండోసారి ఊపిరి కోసం వినండి. ఎక్కడ ఆపాడు, ఎక్కడ ఆపకుండా దాటాడు? మూడోసారి గొంతును వదిలేసి హార్మోనియాన్నో నాదస్వరాన్నో మాత్రమే వినండి. అప్పటిదాకా వినపడని రెండో మనిషి అప్పుడు బయటికొస్తాడు. నాలుగోసారి అదే పద్యాన్ని మరొకరి గొంతులో వినండి. మనోధర్మం ఏమిటో నిర్వచనం అక్కర్లేకుండా తెలుస్తుంది.

తప్పునూ తప్పుగానే పట్టుకోవాలి. అర్థం అటకెక్కించి, ఎదుటి పాత్ర బొమ్మలా నిలబడి ఉండగా, చప్పట్ల కోసం రాగం లాగిన నటులు తక్కువేం కాదు. పద్యనాటకానికి వచ్చిన చెడ్డపేరులో చాలావరకు ఆ లాగుడు వల్ల వచ్చిందే. పద్యం చెప్పలేక మిగిల్చినదాన్ని చెప్పేది మంచి రాగం. పద్యం చెప్పేసినదాన్ని చెరిపేసేది చెడ్డ రాగం. ఈ తేడా పట్టగలిగిన చెవి ఉంటేనే నటుడు అదుపులో ఉంటాడు. శ్రోతలు తగ్గితే కళ తగ్గుతుందంటారు. వినడం తెలిసిన శ్రోతలు తగ్గినా కళ తగ్గుతుంది. నా భయం ఈ రెండోదాని గురించే.

మీ అటక మీద లక్క రికార్డులు ఉండి ఉండవచ్చు. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. ఎండకు, వేడికి దూరంగా ఉంచండి. లక్క పెళుసు, కింద పడితే పగులుతుంది. అరిగిన సూదితో మోగించకండి. తెలిసినవాళ్ల చేత డిజిటల్ ప్రతి చేయించి, ఎవరి గొంతో, ఏ నాటకమో, ఏ ఏడాదో రాసిపెట్టండి. ఆ తర్వాత ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క పద్యం వినిపించండి. ముందు అర్థం చెప్పండి, ఆ తర్వాత పద్యం పెట్టండి. మూడు నిమిషాలు చాలు.